పిల్లలు కదిలారు, పాట పోయింది: పండుగ సినిమాపై అభిప్రాయాలు ఎలా చదవాలి

(బడుల్లో, గ్రంథాలయాల్లో పిల్లల సినిమాలు వేసే ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు ఇచ్చిన ప్రసంగం. చివర్లో వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్ళు కాస్త ముందుకు రండి. ఖాళీ కుర్చీలకు చెప్పడం కష్టం. (నవ్వులు)

డిసెంబరు వచ్చిందంటే మీలో చాలామంది బడిలోనో, గ్రంథాలయంలోనో, చర్చి హాల్లోనో ఒక పిల్లల సినిమా వేస్తారు. పాటలుంటాయి, కొంచెం మాయ ఉంటుంది, మనం ఎన్నడూ చూడని మంచు బోలెడంత ఉంటుంది. అయిపోగానే ‘ఎలా ఉంది పిల్లలూ?’ అని అడుగుతారు. ముప్ఫై గొంతులు ఒక్కసారే ‘సూపర్’ అంటాయి. రిజిస్టర్‌లో ‘పిల్లలు ఎంతో ఆనందించారు’ అని రాసి సంతకం పెడతారు. సమోసాలు బాగున్నా అదే మాట అనేవాళ్ళు. లైట్లు వెయ్యగానే ఇంటికి పంపిస్తారన్న సంతోషంలోనూ అదే అంటారు. కాబట్టి ఆ ‘సూపర్’తో మనకు పని జరగదు.

ఇవాళ ఒకే సినిమా పట్టుకుని మాట్లాడతాను. 1992 డిసెంబరు 11న అమెరికాలో విడుదలైన ‘ద మపెట్ క్రిస్మస్ క్యారల్’. దీన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, ప్రేక్షకుల స్పందన చూసి అందులో ఒక పాట తీసేశారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ ప్రేక్షకులు అడగ్గా అడగ్గా అదే పాటను తెచ్చి అతికించారు. తీసేయమన్నదీ ప్రేక్షకులే, పెట్టమన్నదీ ప్రేక్షకులే. మరి ఎవరి మాట సరైనది?

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన చిన్న నవల దీనికి మూలం. స్క్రూజ్ అని లండన్‌లో ఒక అప్పులిచ్చే ఆసామి. ఎంగిలి చేత్తో కాకిని తోలడు అంటామే, ఆ బాపతు. క్రిస్మస్ ముందు రాత్రి చచ్చిపోయిన వ్యాపార భాగస్వామి దయ్యమై వచ్చి హెచ్చరిస్తాడు. ఆ తర్వాత గతం, వర్తమానం, భవిష్యత్తు అని ముగ్గురు ఆత్మలు వరసగా వచ్చి ఆయన బతుకు ఆయనకే చూపిస్తారు. తెల్లారేసరికి మనిషి మారిపోతాడు. సినిమాలో స్క్రూజ్ వేషం మైకేల్ కేన్‌ది. చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది మపెట్లనే చేతిబొమ్మలు. గుమాస్తాగా కెర్మిట్ అనే కప్ప. నవల్లో చచ్చిపోయిన భాగస్వామి ఒక్కడే. ఇక్కడ అన్నదమ్ములిద్దరు, ఎందుకంటే స్టాట్లర్, వాల్డార్ఫ్ అనే ఇద్దరు సణుగుడు ముసలాళ్ళు మపెట్లలో విడదీయరాని జంట. గోంజో అనే బొమ్మ డికెన్స్ వేషం కట్టి కథ చెబుతుంటాడు, పక్కనే రిజ్జో అనే ఎలుక అడ్డు ప్రశ్నలు వేస్తుంటాడు.

ఈ జంటను చూసి మనవాళ్ళు కొత్తగా అనుకోనక్కర్లేదు. తోలుబొమ్మలాటలో రామాయణం బరువెక్కుతున్నదనగానే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి ఎందుకొస్తారు? జనం జావగారిపోకుండా. గోంజో, రిజ్జోలది అచ్చంగా అదే ఉద్యోగం. దయ్యం వచ్చే ముందు ఒక నవ్వు, వెళ్ళాక ఒక నవ్వు.

ఇంకో సంగతి చెప్పి అసలు విషయానికొస్తాను. ఈ సినిమా మీద పెద్దవాళ్ళ అభిప్రాయాలు ఎక్కడ చదివినా అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే మాట: ‘మైకేల్ కేన్ ఎక్కడా నవ్వకుండా చేశాడు.’ కప్పతో, ఎలుకతో మాట్లాడుతున్నా, ఎదుట షేక్‌స్పియర్ నాటక బృందం నిలబడి ఉందన్నట్టు చేస్తానని ఆయన ముందే నిర్ణయించుకున్నాడు. కెమెరా వైపు చూసి ‘ఇవి బొమ్మలని నాకూ తెలుసులెండి’ అన్నట్టు ఒక్క కన్ను కూడా గీటడు. మరి ఆయన నడిచింది ఎక్కడ? బొమ్మలాడించేవాళ్ళు కింద దాక్కోవాలి కాబట్టి సెట్లలో నేలే ఉండేది కాదు. నేల పలకలు తీసేసి, ఆయన కాలు పెట్టేంత మేర సన్నటి చెక్కలు మిగిల్చేవాళ్ళు. అటూ ఇటూ సందుల్లో చేతులు పైకెత్తి బొమ్మలు పట్టుకున్న మనుషులు. ఆ చెక్కల మీద నడుస్తూ కింద చూడకుండా కోపం నటించాలి. ప్రేక్షకుడు ‘నమ్మేలా ఉంది’ అని ఒక్క మాటలో తేల్చేసిన దాని వెనక ఇంత ఉంది. అభిప్రాయం చదివేటప్పుడు ‘బాగుంది’ వెనక ఏ పనితనం ఉందో వెతకాలి. లేకపోతే రేపు మీరే ఇంకో సినిమా ఎంచుకునేటప్పుడు ఆ అభిప్రాయం అక్కరకు రాదు.

ఇప్పుడు పాట.

గతాన్ని చూపించే ఆత్మ స్క్రూజ్‌ను అతని యౌవనంలోకి తీసుకెళ్తుంది. అక్కడ బెల్ అనే అమ్మాయి. ‘ఇంకొంచెం సంపాదించాక పెళ్ళి’ అని వాయిదాల మీద వాయిదాలు వేస్తున్న కుర్ర స్క్రూజ్‌ను వదిలి ఆమె వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతూ ఒక పాట పాడుతుంది. నెమ్మదైన పాట. పాడింది మెరెడిత్ బ్రాన్, రాసింది పాల్ విలియమ్స్. బొమ్మలు లేవు, జోకులు లేవు, ఎవరూ కింద పడరు. చివర్లో ముసలి స్క్రూజ్ ఆ అమ్మాయి పక్కన నిలబడి, ఆమెకు తాను కనిపించనని తెలిసీ, ఏడుస్తూ గొంతు కలుపుతాడు.

విడుదలకు ముందు పిల్లలకు వేసి చూసినప్పుడు ఈ పాట దగ్గర పిల్లలు కుదురుగా కూర్చోక కదిలారు. అప్పట్లో డిస్నీ స్టూడియో అధిపతి జెఫ్రీ కాట్జెన్‌బర్గ్, ఇది పిల్లలకు బరువు, తీసేద్దామన్నాడు. దర్శకుడు బ్రయన్ హెన్సన్ ఒప్పుకున్నాడు. అతనికి అదే మొదటి సినిమా. మపెట్లను పుట్టించిన అతని తండ్రి జిమ్ హెన్సన్ 1990 మేలో పోయాక వస్తున్న మొదటి మపెట్ సినిమా కూడా అదే. ఆ స్థితిలో స్టూడియో పెద్ద చెప్పినదానికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. హాళ్ళలో పాట లేకుండానే ఆడింది. వీడియో క్యాసెట్‌లో పాట ఉంది. ఆ తర్వాత పాట ఉన్న భాగం వెడల్పు తెర నెగటివ్, అంటే అసలు ఫిల్మ్, కనపడకుండా పోయింది. 2012 బ్లూరేలో పాట లేదు. నెగటివ్ దొరికిందని 2020 డిసెంబరులో దర్శకుడే చెప్పాడు. 2022 డిసెంబరులో డిస్నీ ప్లస్‌లో పాటతో పాటు పూర్తి నిడివి సినిమా పెట్టారు. పాట లేనిది సుమారు 85 నిమిషాలు, ఉన్నది 89.

పాట లేకపోతే ఏమైందో దగ్గరగా చూడండి. బెల్ ఒక ముక్తసరి మాట అంటుంది, అంతే. వెంటనే తర్వాతి షాట్‌లో రిజ్జో వెక్కి వెక్కి ఏడుస్తుంటాడు. ఎందుకేడుస్తున్నాడు? పాట విని. ఆ పాట మనకు వినిపించలేదు. ఇక సినిమా చివరి పాట ఉందే, అది ఈ పాటకు జవాబు. ప్రేమ పోయిందని అక్కడ పాడితే, దొరికిందని ఇక్కడ అదే బాణీలో పాడతారు. ప్రశ్న తీసేసి జవాబు మాత్రం ఉంచినట్టయింది. తమాషా ఏమిటంటే, రోజర్ ఈబర్ట్ అనే ప్రసిద్ధ విమర్శకుడు అప్పట్లో దీనికి మూడు నక్షత్రాలిచ్చి, ఇంకొన్ని పాటలుంటే బాగుండేదన్నాడు. కోసేసిన పాట చోటు ఖాళీగా ఉందని ఆయనకు తెలియకుండానే తెలిసిందా అని నా అనుమానం. రుజువు లేదు, అనుమానమే.

సరే. పిల్లలు కదిలింది నిజం. పరిశీలన తప్పు కాదు. దానికి ఇచ్చుకున్న అర్థం దగ్గరే పేచీ.

ఇక్కడ మీకు రెండు పరిశోధనలు చెప్పాలి, రెండూ ‘సెసమి స్ట్రీట్’ అనే టీవీ కార్యక్రమం చుట్టూ జరిగినవే. 1969లో ఆ కార్యక్రమం మొదలవకముందే ఎడ్వర్డ్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల చూపును కొలిచే పద్ధతి పెట్టాడు. టీవీ పక్కనే ఇంకో తెర. దాని మీద ఏడెనిమిది సెకన్లకొక బొమ్మ మారుతుంటుంది. పిల్లవాడు ఎప్పుడు టీవీ వదిలి పక్క తెర చూశాడో రాసుకోవడం. ఎక్కువ మంది చూపు మళ్ళిన భాగాన్ని మార్చేవాళ్ళు. 1992 నాటి మపెట్ పాటను తీసేయించిన ఆలోచన మూలంలో ఇదే: చూపు పోయిందంటే మనసు పోయినట్టే.

రెండోది దాన్ని తలకిందులు చేసింది. 1979లో అచ్చయిన పరిశోధన. ఎలిజబెత్ లార్చ్, డేనియల్ ఆండర్సన్ బృందం ఐదేళ్ళ పిల్లలను రెండు జట్లు చేసింది. ఒక జట్టు గదిలో ఆటబొమ్మలు పెట్టారు, ఇంకో జట్టు గదిలో ఏమీ లేవు. కార్యక్రమం ఒక్కటే. బొమ్మలు లేని పిల్లలు 87 శాతం సేపు తెర చూశారు. బొమ్మలున్నవాళ్ళు అందులో సుమారు సగం సేపే చూశారు. తర్వాత ఇద్దరికీ అవే ప్రశ్నలు వేస్తే ఎంత అర్థమైందన్నదాంట్లో తేడా లేదు! బొమ్మతో ఆడుకుంటూనే చెవి అటు వేసి, ముఖ్యమైనది వచ్చినప్పుడు తలెత్తి చూస్తున్నారన్నమాట. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు పప్పు ఏరుకుంటూ సీరియల్ చూడరూ? ఒక్క మలుపు తప్పిపోదు.

అదే ఆండర్సన్ బృందం ఇంకో సంగతీ తేల్చింది. షాట్ల వరస చెదరగొట్టినా, మాటలు అర్థం కాని భాషలో వినిపించినా పిల్లలు చూడటం తగ్గించేశారు. అర్థం కాకపోతే చూపు తిప్పేస్తారు. కాబట్టి పిల్లవాడు తల తిప్పాడంటే కారణాలు కనీసం మూడు. అర్థం కాలేదు. అర్థమైంది గానీ చూడక్కర్లేదు, చెవి చాలు. లేదా ఒంటికొచ్చింది. మూడోదాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. ఈ పాట వచ్చేది ఇంచుమించు సినిమా సగం దగ్గర. సినిమాకు ముందు పిల్లలు తాగిన గ్లాసుడు రస్నా సరిగ్గా అప్పటికి తన పని తాను చేస్తుంది. (నవ్వులు)

మరి ఈ మూడింటినీ ఎలా విడదీయాలి? ఇది చేతిపని. చెబుతాను, రాసుకోండి.

ఒక ప్రదర్శనకు ముప్ఫై మందికి మించి పిల్లలను లెక్కలోకి తీసుకోకండి. హాల్లో నూరుమంది ఉన్నా ఫర్వాలేదు, మీరు చూడాల్సింది ఆ ముప్ఫై మందినే. పరిశీలకులు ఇద్దరు, ఒక్కొక్కరికి పదిహేను మంది. తెరకు పక్కగా, ముందు వైపు, పిల్లల ముఖాలు కనిపించేలా కూర్చోవాలి. తెర వెలుగే ముఖాల మీద పడుతుంది, టార్చి వెయ్యొద్దు. ఫోనులో రాయొద్దు, ఆ వెలుగుకు పదిహేను తలలూ మీ వైపు తిరుగుతాయి. పెన్సిలు, అట్ట, గీతలు కొట్టిన కాగితం. నిమిషానికొక వరస, అంటే 89 వరసలు. చేతి గడియారంలో సమయం మొదలుపెట్టాల్సింది కంపెనీ గుర్తులు అయిపోయి మొదటి దృశ్యం పడగానే, ఇద్దరూ ఒకేసారి. ఇక్కడే ఎక్కువగా తప్పు జరుగుతుంది. ఒకరు ముందు, ఒకరు వెనక మొదలుపెడితే ఇద్దరి కాగితాలూ కలవవు, పనంతా వృథా.

కాగితం మీద ఐదు గళ్ళు చాలు. తల తిప్పినవాళ్ళెందరు. మాట్లాడినవాళ్ళెందరు. లేచినవాళ్ళెందరు. నవ్వినవాళ్ళెందరు. ఐదోది బిగుసుకున్నవాళ్ళు: మోకాళ్ళు పైకి ముడుచుకోవడం, చెవులు మూసుకోవడం, పక్కవాడి చొక్కా పట్టుకోవడం. మాట్లాడేవాళ్ళను మాత్రం రెండు రకాలుగా రాయాలి. ‘ఆ ముసలాయన ఎందుకేడుస్తున్నాడ్రా’ అన్నది సినిమా మాట. ‘నా పెన్ను ఇయ్యి’ అన్నది బయటి మాట. మొదటిదాన్ని గోల కింద రాసేశారంటే, సినిమా బాగా పట్టిన క్షణాన్ని మీ చేత్తో మీరే ‘విసుగు’ కింద జమ చేసినట్టు.

ఐదో గడి గురించి ఇంకో మాట. భవిష్యత్తు చూపించే ఆత్మ వచ్చినప్పుడు పిల్లలు రాళ్ళలా కూర్చుంటారు. ముఖం లేదు, ముసుగు ఉంది, మాట లేదు. గోంజో, రిజ్జో కూడా అక్కడ ‘మేం చివర్లో కలుస్తాం’ అని ప్రేక్షకులకు చెప్పి తప్పుకుంటారు. కేతిగాడే పారిపోయాడంటే ఇక పిల్లల గతేమిటి! ఒక్కరూ కదలరు. ‘కదిలితే విసుగు, కదలకపోతే ఆనందం’ అన్న కొలత పెట్టుకుంటే ఈ భాగానికి నూటికి నూరు మార్కులు పడతాయి. నాలుగైదేళ్ళ పిల్లలకు మాత్రం అది భయం. ఆ రాత్రి పక్క తడిపితే సంగతి అమ్మకు తెలుస్తుంది, మీ రిజిస్టర్‌కు తెలియదు.

తినుబండారాలు సినిమాకు ముందే అయిపోవాలి, లేదా కాగితం పొట్లాల్లో ఇవ్వాలి. చిప్స్ ప్యాకెట్లు వద్దు. ఒక ప్యాకెట్ చప్పుడు నాలుగు తలలను తిప్పుతుంది, ఆ నాలుగూ మీ లెక్కలో పడతాయి. నీళ్ళు, మూత్రానికి వెళ్ళి రావడం సినిమాకు పది నిమిషాల ముందే చేయించాలి. అయినా మధ్యలో ఒకడు లేస్తాడు, వాడి వెనక ఐదుగురు లేస్తారు. ఆ ఐదుగురినీ లెక్కపెట్టొద్దు, మొదటివాడినే రాయండి. ఇంటర్వెల్ ఇవ్వకండి. గంటన్నర లోపు సినిమా ఇది, మధ్యలో ఆపడానికి కట్టినది కాదు. ఆపితే మళ్ళీ కథలో పడటానికి పది నిమిషాలు పోతాయి.

సినిమా అయ్యాక ఏం అడగాలి? ‘బాగుందా’ అని అడగొద్దు. బ్రిటన్‌లో జానెట్ రీడ్ అనే పరిశోధకురాలి బృందం పిల్లల అభిప్రాయం కొలవడానికి ఐదు ముఖాల వరస తయారు చేసింది, ఏడుపు ముఖం నుంచి పెద్ద నవ్వు ముఖం దాకా. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వాడి చూస్తే తేలిందేమంటే, చిన్నపిల్లలు దాదాపు దేనికైనా చివరి పెద్ద నవ్వు మీదే టిక్కు పెడతారు. అందుకే వాళ్ళే ‘మళ్ళీ మళ్ళీ’ పట్టిక అని ఇంకోటి పెట్టారు. ‘ఇది మళ్ళీ చేస్తావా? అవును, ఏమో, వద్దు.’ దీన్ని మనం పాటలవారీగా వాడుకోవచ్చు. ఆరు సన్నివేశాల ఫోటోలు అట్ట మీద అంటించి, ఒక్కొక్కటి చూపించి ‘ఇది మళ్ళీ వెయ్యనా?’ అని అడగండి. ‘వద్దు’ అనడం పిల్లలకు ‘బాలేదు’ అనడం కంటే చాలా సులువు. టీచరు మనసు నొచ్చుకుంటుందన్న బెంగ ఉండదు.

ఆ ఆరు ఫోటోలే ఇంకో పనికీ వస్తాయి. కలిపేసి ఇచ్చి, వరసలో పెట్టమనండి. ఆరేళ్ళ పిల్లవాడు బెల్ పాట దగ్గర తల తిప్పి, ఆ ఫోటోను సరైన చోట పెట్టి, ‘ఈ అక్క వెళ్ళిపోయింది, అందుకే తాతకి కోపం’ అన్నాడనుకోండి. చూపు పోయింది, కథ పోలేదు. తల తిప్పి, ఫోటో ఎక్కడ పెట్టాలో కూడా తెలియకపోతే అప్పుడు నిజంగానే పాట వాడిని దాటిపోయింది. కాట్జెన్‌బర్గ్‌కు, హెన్సన్‌కు ఆ రోజు కావలసింది ఈ రెండో కాగితం. వాళ్ళ దగ్గర మొదటిదే ఉంది.

ఇదంతా సినిమా అయిన పావుగంటలోపే జరగాలి, ఒక్కొక్కరితో విడిగా జరగాలి. గుంపులో అడిగితే ముందు చెప్పినవాడి మాటే అందరిదీ అవుతుంది. తల్లిదండ్రులు వినేంత దూరంలో ఉండకూడదు. ‘చెప్పు నాన్నా, పాట బాగుందని చెప్పు’ అని పక్కనుంచి అందిస్తారు. వారం తర్వాత ఒక్క ప్రశ్న మాత్రం మళ్ళీ: ఏ పాట గుర్తుంది? పాడమనండి. మాటలు తప్పినా ఫర్వాలేదు, బాణీ వస్తే చాలు. సంగీత చిత్రానికి దీన్ని మించిన ఓటు లేదు.

వయసుల్ని కలపొద్దు. నాలుగు నుంచి ఆరు, ఏడు నుంచి తొమ్మిది, పది నుంచి పన్నెండు, మూడు కుప్పలు. ఎందుకో ఒక ఉదాహరణ. 2004లో వచ్చిన ‘ద పోలార్ ఎక్స్‌ప్రెస్’ అనే క్రిస్మస్ కంప్యూటర్ బొమ్మల సినిమా చూసి పెద్దవాళ్ళు చాలామంది ‘కళ్ళల్లో జీవం లేదు, జడిపిస్తున్నాయి’ అన్నారు. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తర్వాతి కాలంలో 3 నుంచి 18 ఏళ్ళ 240 మందికి రోబోలను చూపించారు. అచ్చం మనిషిలా ఉన్న రోబో వింత భయం పుట్టిస్తుందన్నది తొమ్మిదేళ్ళు దాటినవాళ్ళలోనే కనిపించింది. అంతకు చిన్నవాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. రోబోల ఫలితాన్ని సినిమాకు నేరుగా అంటించలేం. కానీ ‘పిల్లలు భయపడతారు’ అని పెద్దవాళ్ళు రాసినప్పుడు, భయపడింది ఎవరో ఒకసారి అడిగి చూడాలి.

ఇక పెద్దవాళ్ళ అభిప్రాయాలు. వీటిని కూడా కుప్పలు పోయాలి. నిన్న పిల్లలతో కలిసి చూసినవాళ్ళు ఒకరు. చిన్నప్పుడు చూసి, ఇప్పుడు గుర్తు తెచ్చుకుని రాసేవాళ్ళు ఇంకొకరు. ఈ రెండోవాళ్ళ మాట సినిమా గురించి సగం, తమ ఇంటి గురించి సగం. ఏటా అదే పండుగకు, అదే సోఫాలో, పోయిన నాన్న పక్కన కూర్చుని చూసిన సినిమాకు ఎవరు మూడు నక్షత్రాలిస్తారు? 1992లో ఈ సినిమా అమెరికాలో వసూలు చేసింది సుమారు 2.7 కోట్ల డాలర్లు. ‘హోమ్ అలోన్ 2’, ‘అలాద్దీన్’ అదే సీజన్లో ఆడుతున్నాయి మరి. సమీక్షలు కూడా అటూ ఇటూగానే వచ్చాయి. ఇప్పుడున్న ప్రేమంతా ఆ తర్వాత క్యాసెట్లు, టీవీ, ఏటేటా తిరగేయడం వల్ల పెరిగింది. ఇది దొంగ ప్రేమ అనడం లేదు. అభిప్రాయం కింద తేదీ చూసి చదవమంటున్నాను.

‘ద విజర్డ్ ఆఫ్ ఓజ్’ కథా ఇంతే. 1939 సినిమా. మొదటి విడుదలలో స్టూడియోకు లాభం చూపించలేదు. 1956లో టీవీలో వేశారు, 1959 నుంచి ఏటా ఒకసారి, మొదటి కొన్నేళ్ళు డిసెంబరులోనే. క్రిస్మస్ ఊసే లేని కథ అలా పండుగ సినిమా అయి కూర్చుంది. దానికీ ఒక పాట గొడవ ఉంది. ముందస్తు ప్రదర్శన తర్వాత, నిదానంగా ఉందని, ఇంద్రధనుస్సు పాటను తీసేశారు. నిర్మాణంలో ఉన్నవాళ్ళు కొందరు పట్టుబట్టి తిరిగి పెట్టించారు. ఆ ఏటి ఉత్తమ గీతం ఆస్కార్ దానికే వచ్చింది. పిల్లల సినిమాలో నెమ్మదైన పాట ఎప్పుడూ కత్తెర కిందే ఉంటుందని చెప్పడానికి ఇది.

పెద్దల అభిప్రాయాల్లో ఐదు నక్షత్రాలవీ, ఒక నక్షత్రానివీ పక్కన పెట్టి మూడు నక్షత్రాలవి ముందు చదవండి. కొట్లాటకు రానివాళ్ళు అక్కడుంటారు. ‘రెండో సగం బాగుంది, మా వాడు దయ్యం దగ్గర లేచిపోయాడు, చివరి పాట ఎందుకో అతకలేదు.’ ఇది బంగారం లాంటి అభిప్రాయం. చివరి పాట అతకలేదన్నవాళ్ళు చూసింది 85 నిమిషాలదా, 89 నిమిషాలదా? అది తేల్చకుండా ఈ సినిమా మీద ఏ రెండు అభిప్రాయాలనూ పోల్చకూడదు. వాళ్ళు చూసినవి నిజానికి రెండు వేర్వేరు సినిమాలు.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మా పిల్లలు తెలుగు మీడియం. ఇంగ్లీషు పాటలు అర్థం కాక కదిలితే ఆ లెక్క ఎలా?)

మంచి ప్రశ్న అండీ. ఇందాక చెప్పాను కదా, అర్థం కాని భాష వినిపిస్తే చూపు పోతుందని. సబ్‌టైటిల్స్ ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు పనికిరావు. చదివేలోపు మారిపోతాయి. మీరే ఒకరు మైకు పట్టుకుని మాటల దగ్గర తెలుగులో చెప్పండి, పాటల దగ్గర ఆపేయండి. పాటకు ముందు ఒక్క వాక్యం చాలు: ‘ఈ అమ్మాయి ఇతన్ని వదిలి వెళ్ళిపోతోంది.’ పాటను పూర్తిగా తెలుగు చేసి పాడదామని మాత్రం ఉత్సాహపడకండి. చేతిబొమ్మ నోరు అక్షరానికి ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. ఇంగ్లీషులో ‘లవ్’ అంటే ఒక్క దెబ్బ, చివర్లో పెదవి మూత. మన ‘ప్రేమ’ రెండు దెబ్బలు, చివర నోరు తెరిచే ఉంటుంది. తెలుగు మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి బొమ్మ నోరు మూసుకున్నాక కూడా పాట వినిపిస్తూనే ఉంటుంది. మనుషుల డబ్బింగులో సర్దుకుపోయే తేడా బొమ్మల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పిల్లలు దానికే నవ్వుతారు, మీరు ‘నవ్వు’ గడిలో రాసుకుంటారు. (నవ్వులు)

(ప్రశ్న: పిల్లలు నిజంగా తీర్పు చెప్పగలరా? మనమే ఎక్కువ ఊహించుకుంటున్నామేమో.)

పదేళ్ళు దాటినవాళ్ళు చెప్పగలరు, ఒక షరతు మీద. ఒకటి కాకుండా మూడు నాలుగు సినిమాలు చూసి ఉండాలి. హైదరాబాదులో జరిగిన అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవాల్లో పిల్లల జ్యూరీ ఉండేది. వాళ్ళు వరసగా సినిమాలు చూసి, కూర్చుని వాదించుకుని బహుమతి ఎవరికో తేల్చేవాళ్ళు. పోల్చడానికి పక్కన ఇంకోటి ఉంటేనే ‘ఇది ఎందుకు బాగుంది’ అన్న మాట నోటికొస్తుంది. ఒక్క సినిమా చూపించి ఎందుకు బాగుందంటే పెద్దవాళ్ళమే నీళ్ళు నములుతాం.

(ప్రశ్న: ఈ డిసెంబరుకు మేం ఏది వెయ్యాలి? పాట ఉన్నదా, లేనిదా?)

పాట ఉన్నదే వెయ్యండి. ఆరేళ్ళ లోపు పిల్లలు ఎక్కువమంది ఉంటే వాళ్ళను తలుపుకు దగ్గరి వరసల్లో కూర్చోబెట్టండి. పాట మొదలయ్యాక బయటికి వెళ్తామన్నవాళ్ళను వెళ్ళనివ్వండి, ఒక కార్యకర్త తలుపు దగ్గరుంటే చాలు, నాలుగు నిమిషాల్లో వర్తమానం ఆత్మ వచ్చేలోగా తిరిగొస్తారు. ‘ష్, కూర్చో’ అని మాత్రం అనొద్దు, అంటే ఆ వరస లెక్క మీరు కొట్టేసుకోవాల్సిందే. ఇంకొకటి. ఆ నాలుగు నిమిషాలూ పిల్లల వైపే కాక వెనక గోడ దగ్గర నిలబడ్డ తల్లుల వైపు కూడా ఒకసారి చూడండి. కాగితంలో వాళ్ళకు గడి లేదు కాబట్టి, అంచున రాసుకోండి.